బెడ్‌ఫర్డ్ కంచరి జాన్ బన్యన్

మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు పూర్తిచేసికొన్న ఈ శుభ సమయమున జ్ఞాపక సంచికకు ఒక జీవిత చరిత్ర వ్రాయవలసినదని పెద్దలు మమ్మును కోరిరి. మనకు సువార్త తెచ్చిన మిషనరీలను గూర్చియు, మన బిషప్పులను గూర్చియు ఇతరులు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన దేశమునకు ఎన్నడును రాని యొక మనుష్యుని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఆయన రాకపోయినను ఆయన పుస్తకము వచ్చినది. బైబిలు, కీర్తనల పుస్తకము ఉన్న అనేక క్రైస్తవ గృహములలో వాటి ప్రక్కన యాత్రికుని ప్రయాణము కూడ ఉండెడిది. వీపున బరువు మోయుచు, నాశనపురమును విడిచి, పరలోక పట్టణమునకు బయలుదేరిన క్రైస్తవుని కథ మేమును సండేస్కూలులో వింటిమి.

తరువాత వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదువునప్పుడు, ఆ పుస్తకము వ్రాసిన జాన్ బన్యన్ ఎవరో, ఆయనను చెరసాలలో వేసినవారెవరో తెలిసికొంటిమి. ఆ రెండవ సంగతి అప్పటినుండి మా మనస్సును విడువలేదు. ఆయనను బంధించినవారు క్రీస్తును ఎరుగనివారు కారు. వారు ఆదివారము దేవాలయమునకు వెళ్ళువారు, ప్రార్థన పుస్తకము చేతబట్టుకొన్నవారు. పండుగ చేసికొను సంఘము తన పితరుల మేలును మాత్రమే గాక వారి తప్పిదమును కూడ జ్ఞాపకము చేసికొనుట మంచిదని తలంచి ఈ కొద్ది పుటలు వ్రాయుచున్నాము.

బెడ్‌ఫర్డ్‌షైరు ఇంగ్లాండులోని చిన్న కౌంటీలలో ఒకటి. కౌంటీ అనగా మన జిల్లా వంటిది. లండనుకు ఉత్తరమున సుమారు 50 మైళ్ళ దూరమున, ఊజ్ నది ఒడ్డున, దాని ముఖ్యపట్టణమైన బెడ్‌ఫర్డ్ ఉన్నది. ఆ పట్టణమునకు మైలు పైచిలుకు దూరములో ఎల్‌స్టో అను గ్రామము కలదు. 1628 నవంబరు 30వ తేదీన ఆ గ్రామ దేవాలయములో థామస్ బన్యన్, మార్గరెట్ అను దంపతులు తమ కుమారునికి బాప్తిస్మమిప్పించి జాన్ అని పేరు పెట్టిరి. తండ్రి కంచరి. చిల్లులు పడిన బిందెలకు, కాగులకు మాట్లు వేయుచు ఊరూర తిరిగి పొట్ట పోసికొనెడివాడు. పేదవారైనను తలిదండ్రులు జానును బడికి పంపిరి. అక్కడ చదువుట, వ్రాయుట నేర్చుకొనెను గాని, నేర్చుకొన్నదానిలో చాల భాగము త్వరలోనే మరచిపోయితినని ఆయనయే తరువాత వ్రాసికొనెను. కళాశాల ముఖము ఆయన ఎన్నడును చూడలేదు.

1644వ సంవత్సరము ఆ యింటికి కష్టకాలము. జూన్ నెలలో తల్లి చనిపోయెను. జూలైలో చెల్లెలు చనిపోయెను. ఆగస్టులోనే తండ్రి మరల వివాహము చేసికొనెను. జానుకు అప్పటికి 16 సంవత్సరములు నిండలేదు. దేశములో రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. కొద్ది నెలలకే ఆ బాలుడు పార్లమెంటు సైన్యములో చేరి, పొరుగు కౌంటీలోని న్యూపోర్ట్ పాగ్నెల్ కోటలో 1647 వరకు సిపాయిగా ఉండెను. ఒక ముట్టడికి తాను వెళ్ళవలసియుండగా వేరొక సిపాయి అడిగి ఆయనకు బదులుగా వెళ్ళెను. ఆ సిపాయి కావలి కాయుచు తలకు తుపాకి గుండు తగిలి మరణించెను. మరియొకడు తన స్థానమున చనిపోయెనన్న తలంపు బన్యన్ మనస్సులో నిలిచిపోయినది. ఆ మాట యొక్క పూర్తి భావము ఆయనకు బోధపడుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను.

యుద్ధమునుండి తిరిగివచ్చి తండ్రి వృత్తినే చేపట్టెను. 1647వ సంవత్సరము, తన పేరు చెక్కబడిన ఆయన ఇనుప దాగలి నేటికిని బెడ్‌ఫర్డ్ మ్యూజియములో ఉన్నది. ఆ బరువును మోసికొని ఆయన గ్రామములు తిరిగెను. వీపున మూట మోయు మనుష్యుడు ఆయన పుస్తకములోనికి ఎక్కడనుండి వచ్చెనో ఆ దాగలిని తలంచుకొన్నవారు ఊహింపవచ్చును.

సుమారు 1649లో ఆయన వివాహము చేసికొనెను. ఆ భార్య పేరు ఏ రికార్డులోను దొరకలేదు. ఇద్దరును కటిక పేదలు. కాపురము పెట్టునాటికి ఒక పళ్ళెముగాని, చెంచాగాని లేదు. అయితే ఆమె తన భక్తిగల తండ్రి ఇచ్చిపోయిన రెండు పుస్తకములను తెచ్చెను. ఒకటి ఆర్థర్ డెంట్ వ్రాసినది, రెండవది లూయిస్ బెయిలీ వ్రాసినది; రెండును సామాన్యులకు భక్తిమార్గమును బోధించునవి. భార్యాభర్తలు సాయంకాలములందు వాటిని చదువుకొనుచుండిరి. బంగారము తీసికొని రాలేదని కోడండ్రను సాధించు గృహములు మనలోను ఉన్నవి గనుక ఈ సంగతి ఆగి చెప్పుచున్నాము. పేరు తెలియని ఆ యువతి తెచ్చిన రెండు పుస్తకములు లోకమునకు మూడవ పుస్తకమునకు దారి తీసినవి. 1650లో వారి మొదటి బిడ్డ మేరీ పుట్టెను. ఆ బిడ్డ పుట్టుగ్రుడ్డి.

ఆ పుస్తకములు చదివిన తరువాత బన్యన్ దేవాలయమునకు క్రమముగా వెళ్ళుచుండెను గాని ఒట్లు పెట్టుకొనుట, దూషించుట మానలేదు. ఒక ఆదివారము ఎల్‌స్టో గురువుగారు విశ్రాంతిదినమును మీరుట గూర్చి ప్రసంగించిరి. ఆ మధ్యాహ్నమే బన్యన్ ఊరి మైదానములో మన పిల్లల కఱ్ఱాబిళ్ళ వంటి ఆట ఆడుచుండెను. బిళ్ళను ఒకసారి కొట్టి రెండవసారి కొట్టబోవుచుండగా, పాపమును విడుతువా, విడువవా అని అంతరంగమున ఎవరో నిలదీసినట్లు ఆయనకు తోచెను. కఱ్ఱ చేతిలోనే నిలిచిపోయినది. ఆట పూర్తి చేసెను గాని ఆ ప్రశ్న ఆయనను విడువలేదు. ఆయనకు గుడి గంటలు మ్రోగించుట మిక్కిలి ఇష్టము. అది వ్యర్థమని తోచి మానివేసెను. అయినను ఇతరులు మ్రోగించుచుండగా చూచుటకు వెళ్ళెను. గంట తెగి తలమీద పడునేమో అని భయపడి దూలము క్రింద నిలిచెను. గోపురమే కూలునేమో అని భయపడి వాకిట నిలిచెను. చివరకు అక్కడనుండియు పారిపోయెను. ఊరివారు ఆయన మంచివాడయ్యెనని మెచ్చుకొనిరి. ఆయన లోపల మాత్రము సమాధానము లేదు.

ఆ సమాధానము ఆయనకు పండితులవలన రాలేదు. ఒకదినమున బెడ్‌ఫర్డ్ వీధిలో పనిమీద వెళ్ళుచుండగా ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మమునొద్ద ఎండలో కూర్చుండి దేవుని సంగతులు మాటలాడుకొనుచుండిరి. బన్యన్ అప్పటికి మతవిషయములలో మంచి వాదకుడు గనుక తానును ఒక మాట కలుపవచ్చునని దగ్గరకు వెళ్ళెను. కాని వారు వాదించుటలేదు. తమ హృదయములలో దేవుడు చేసిన క్రొత్త జన్మమును గూర్చి సంతోషముతో చెప్పుకొనుచుండిరి. అది తనయొద్ద లేనిదని ఆయన గ్రహించి నోరు మెదపక వినెను. ఆ స్త్రీల పేర్లును మనకు తెలియవు.

వారు బెడ్‌ఫర్డులో 1650లో ఏర్పడిన చిన్న స్వతంత్ర సంఘమునకు చెందినవారు. దాని కాపరి జాన్ గిఫర్డ్. ఆయన చరిత్రయు విచిత్రమైనదే. యుద్ధములో రాజు పక్షమున మేజరుగా ఉండి పట్టుబడి మరణశిక్ష పొందెను. చెల్లెలి సహాయముతో తప్పించుకొని బెడ్‌ఫర్డు చేరి వైద్యము చేయుచు, త్రాగుడులోను జూదములోను మునిగియుండి, తరువాత మారుమనస్సు పొందెను. స్త్రీలు బన్యన్ సంగతి గిఫర్డుతో చెప్పిరి. గిఫర్డు ఆయనను తన యింటికి పిలిచి ఓపికతో నడిపించెను. పార్లమెంటు సిపాయికి రాజు సైనికుడు గురువయ్యెను. గిఫర్డు 1655లో మరణించుచు, బాప్తిస్మము వంటి బాహ్య విషయములనుబట్టి చీలిపోవద్దని తన సంఘమునకు ఉత్తరము వ్రాసి పెట్టెను. ఆ బుద్ధిమాటను బన్యన్ జీవితాంతము మరువలేదు.

బన్యన్ ఆ సంఘములో చేరి, 1655లో కాపురమును బెడ్‌ఫర్డుకు మార్చెను. కొద్దికాలములోనే సంఘస్థులు ఆయనలో బోధించు వరమును గుర్తించిరి. పగలు పాత్రలకు మాట్లు వేయుచు, సాయంకాలములందు కొట్టములలోను, పొలములలోను, పల్లె గృహములలోను ఆయన ప్రసంగించెను. కంచరివాడు బోధించుటేమి అని చదువుకొన్నవారు నవ్విరి. సామాన్యులు గుంపులు గుంపులుగా వచ్చి వినిరి. 1656లో ఆయన మొదటి పుస్తకము అచ్చయ్యెను. అది క్వేకర్ల బోధను ఖండించుచు వ్రాసినది. ఈ క్వేకర్ల సంగతి మరల ముందుకు వచ్చును గనుక చదువరులు దీనిని గుర్తుంచుకొనవలెను. 1658లో భార్య నలుగురు చిన్నపిల్లలను విడిచి మరణించెను. మరుసటి సంవత్సరము ఎలిజబెత్ అను యౌవనస్థురాలిని ఆయన వివాహము చేసికొనెను.

1660లో రాజు రెండవ చార్లెస్ సింహాసనమెక్కెను. రాజుతోపాటు ఇంగ్లాండు సంఘము, అనగా ఆంగ్లికన్ సంఘము, తన పూర్వపు అధికారమును తిరిగి పొందెను. పారిష్ దేవాలయమునకు రాక, ప్రార్థన పుస్తకమును విడిచి, వేరుగా కూడుకొనువారిని శిక్షించు ఎలిజబెత్ రాణి కాలపు పాత చట్టమును బెడ్‌ఫర్డ్‌షైరు మేజిస్ట్రేటులు బయటికి తీసిరి. ఆ సంవత్సరము నవంబరు 12న హార్లింగ్టన్ దగ్గర లోయర్ శామ్‌సెల్ అను పల్లెలో బన్యన్ బోధింపవలసియుండెను. ఫ్రాన్సిస్ వింగేట్ అను మేజిస్ట్రేటు వారంటు పంపెనని ముందుగానే తెలిసినది. ఇంటి యజమాని భయపడి కూడిక మానుదమా అని అడిగెను. తప్పించుకొనుటకు సమయముండెను. బన్యన్ బయట పొలములో కొంతసేపు తిరుగుచు ఆలోచించెను. తాను పారిపోయినయెడల క్రొత్తగా విశ్వసించినవారు ఏమనుకొందురు? ఆయన లోపలికి వచ్చి ప్రార్థించి కూడిక ప్రారంభించెను. కొద్ది నిమిషములలో కానిస్టేబులు వచ్చి ఆయనను పట్టుకొనెను.

1661 జనవరిలో సర్ జాన్ కెలింగ్ మొదలగు న్యాయాధిపతుల యెదుట విచారణ జరిగెను. ప్రార్థన పుస్తకమును గూర్చి కొంత వాదము నడిచెను. చివరకు తీర్పు ఇది: మూడు నెలలు చెరసాల, అటుపిమ్మట కూడికలు మాని దేవాలయమునకు వచ్చుటకు ఒప్పుకొననిచో దేశ బహిష్కారము, అనుమతి లేక తిరిగివచ్చినయెడల ఉరి. అయితే బన్యన్‌కు చెరసాల తలుపు తాళపుచెవి మరెవరి చేతిలోను లేదు. అది ఆయన నోటనే ఉండెను. ఇకమీదట బహిరంగముగా బోధింపనని ఒక్క మాట చెప్పిన చాలును, అదే సాయంకాలము ఇంట భోజనము చేయవచ్చును. ఏప్రిలులో పాల్ కాబ్ అను కోర్టు గుమాస్తా చెరసాలకు వచ్చి, ఒక్కొక్కరితో ఏకాంతముగా మాటలాడి మేలుచేయవచ్చును గదా, కూడికలు మాత్రము మానుమని స్నేహభావముతో నచ్చజెప్పెను. బన్యన్ మర్యాదతోనే వినెను. రాజునకు లోబడుదునని చెప్పెను. మనస్సాక్షికి విరోధముగా లోబడజాలనియెడల శిక్షను అనుభవింతునని చెప్పెను. మాట మాత్రము ఇయ్యలేదు.

ఇక ఎలిజబెత్ సంగతి. భర్త పట్టుబడిన వార్త విన్నప్పుడు ఆమె గర్భవతి. ఆ దిగులుచేత నెలలు నిండకముందే నొప్పులు వచ్చి, కన్న బిడ్డ చనిపోయెను. ఇంట నలుగురు సవతి బిడ్డలు, వారిలో ఒకతె గ్రుడ్డిది. అట్టి స్థితిలో ఆ పల్లెటూరి స్త్రీ అర్జీ పట్టుకొని లండను వెళ్ళి ప్రభువుల సభలోని ఒక ప్రభువునకు అందజేసెను. విడుదల స్థానిక న్యాయాధిపతుల చేతిలో ఉన్నదని చెప్పి ఆమెను పంపివేసిరి. 1661 ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫర్డు వచ్చినప్పుడు ఆమె మూడుసార్లు వారిని ఆశ్రయించెను. మొదట సర్ మాథ్యూ హేల్ అను న్యాయాధిపతికి అర్జీ ఇచ్చెను. ఆయన దయగా మాటలాడెను. మరునాడు ట్విస్డన్ అను రెండవ న్యాయాధిపతి బండిలో అర్జీని పడవేసెను. ఆయన కోపించి కసరెను. మూడవసారి స్వాన్ అను సత్రములో న్యాయాధిపతులు, కౌంటీ పెద్దమనుష్యులు కూర్చుండిన గదిలోనికి వణకుచు వెళ్ళెను. వణకుచు వెళ్ళినను మాట తడబడలేదు. తన భర్తను న్యాయముగా విచారింపలేదనియు, ఆయన పేద కంచరి గనుకనే ఆయనను తృణీకరించుచున్నారనియు వారి ముఖముననే చెప్పెను. బోధించుట మానునా అని అడుగగా, మాటలాడు శక్తి ఉన్నంతకాలము మానడని నిజమే చెప్పెను. పిల్లలను ఎట్లు పోషించుచున్నావని అడుగగా, మంచివారి దానధర్మములే ఆధారమని చెప్పెను. హేల్ మనస్సు కరిగెను. రాజుకు మనవి చేసికొనుటయో, క్షమాపణ పత్రము పొందుటయో, తీర్పులో తప్పు చూపుటయో చేయవలెనని సలహా చెప్పెను గాని విడిపింపలేదు. ఆమె కన్నీటితో బయటికి వచ్చెను. తమను కరుణింపలేదని మాత్రమే కాదు, ఆ పెద్దలు ప్రభువు రాకడ దినమున ఎట్టి లెక్క అప్పగింపవలసివచ్చునో అని కూడ ఆమె దుఃఖించెను.

ఆ మూడు నెలల శిక్ష 12 సంవత్సరములయ్యెను. దేశ బహిష్కారమును అమలుపరచలేదు, విడువను లేదు. మొదట జైలరు దయగలవాడై ఒక్కొక్కప్పుడు ఆయనను బయటికి పోనిచ్చెను. బన్యన్ లండనులోని విశ్వాసులను చూడ వెళ్ళెనని పై అధికారులకు తెలిసి జైలరు ఉద్యోగమే పోవునంత పనియయ్యెను. అటు తరువాత గడప దాటనీయలేదు. 1666లో కొద్దికాలము విడుదల పొందినను మరల బోధింపగా మరల పట్టుకొనిరి.

చెరసాలలో ఆయన కంచరిపని సాగదు గనుక లేసులు అల్లి, చివరలకు లోహపు తొడుగులు వేసి అమ్మకమునకు ఇచ్చెను. అట్టివి వందల గ్రోసులు చేసెను. ఆ డబ్బుతో ఇల్లు గడిచినది. ఆయన ముఖ్యమైన గ్రంథాలయము రెండు పుస్తకములు: బైబిలు, ఫాక్స్ వ్రాసిన హతసాక్షుల చరిత్ర. తోటి ఖైదీలకు వాక్యము బోధించెను. 1666లో తన ఆత్మీయ జీవిత చరిత్రను ప్రకటించెను.

ఆయన భయములేని వీరుడని తలంచవద్దు. ఉరికొయ్య నిచ్చెన యెక్కునప్పుడు కాళ్ళు వణకి దేవుని నామమునకు అవమానము తెచ్చెదనేమో అని దిగులుపడినట్లు ఆయనయే వ్రాసెను. భార్యాబిడ్డలను తలంచుకొన్నప్పుడు, మరి ముఖ్యముగా గ్రుడ్డి మేరీని తలంచుకొన్నప్పుడు, తన ఇంటి కప్పును తానే తన బిడ్డలపై కూల్చుచున్నట్లు ఆయనకు తోచెను. మేరీయే ప్రతిదినము చెరసాలకు పులుసు తెచ్చెడిదని ఆ ఊరివారు తరతరములుగా చెప్పుకొందురు. ఆ బిడ్డ తండ్రికంటె ముందుగానే చనిపోయెను.

ఇచ్చట మేము చదువరులతో దాపరికము లేక మాటలాడవలెను. ఈ భాగము చదివినప్పుడెల్ల మాకు కష్టముగా నుండును. ఆ ఒక్క మాట ఇచ్చి ఇంటికి వచ్చియుండినయెడల తప్పా? గ్రుడ్డి బిడ్డకు తండ్రి అక్కరలేదా? కాపరుల గృహములలో పుట్టి పెరిగినవారు ఈ ప్రశ్నను తేలికగా దాటిపోలేరు. బన్యన్ దానిని తేలికగా దాటిపోలేదు. కాని ఒక సంగతి మనము గమనింపవలెను. ఆ ప్రశ్న ఆయనను అడుగకముందు, ఆయనను అట్టి స్థితిలో పెట్టినవారిని అడుగవలెను. ఒక తండ్రి తన దేవునికిని తన బిడ్డకును మధ్య నలిగిపోవునట్లు చేసినది దేవుడు కాదు. చట్టమును చేతబట్టుకొన్న సంఘము. ఆ నలుగురు పిల్లలకు అన్నము పెట్టిన దానధర్మములు చేసినవారిలోను సంఘస్థులు లేకపోలేదు.

1672లో రాజు చార్లెస్ ఆ చట్టముల అమలును నిలిపి సెలవుపత్రముల ద్వారా బోధించుటకు అనుమతించెను. ఆ జనవరి 21న, బన్యన్ ఇంకను చెరసాలలో నుండగనే, బెడ్‌ఫర్డు సంఘము ఆయనను తన కాపరిగా ఎన్నుకొనెను. ఆ సంవత్సరము ఆయన విడుదల పొందెను. ఇప్పుడు క్వేకర్ల సంగతి చెప్పవలెను. క్వేకర్లు తమ ఖైదీల కొరకు రాజునొద్ద క్షమాపణ పత్రము సంపాదించినప్పుడు ఇతర సంఘముల ఖైదీల పేర్లను కూడ దానిలో చేర్చనిచ్చిరి. ఆ పట్టికలో బన్యన్ పేరు కలదు. తమకు విరోధముగా పుస్తకము వ్రాసినవానిని వారు విడిచిపెట్టలేదు.

మిల్ లేన్ వీధిలోని తోటలో నున్న ఒక కొట్టమును సంఘము కొని కూడికలు జరిపెను. 1673లో బన్యన్ ఒక పుస్తకము వ్రాసి, నీటి బాప్తిస్మమును గూర్చి భిన్నాభిప్రాయములు గలవారును ఒకే ప్రభువు బల్లయొద్ద కూర్చుండవచ్చునని వాదించెను. ఇందునుబట్టి బాప్తిస్టు సహోదరులు కొందరు ఆయనపై కోపించిరి. అయినను గిఫర్డు ఉపదేశమును ఆయన విడువలేదు. 1676, 1677 మధ్య మరల కొన్ని నెలలు చెరసాలలో ఉండెను.

1678లో లండనులో నథానియేల్ పాండర్ అను పుస్తక వ్యాపారి యాత్రికుని ప్రయాణమును ప్రచురించెను. దానిని చెరసాలలోనే ప్రారంభించెనని అనేక పండితుల అభిప్రాయము. బన్యన్ జీవితకాలములోనే అది 11 కూర్పులు పొందెను. 200కు పైగా భాషలలోనికి వెళ్ళినది. నిరాశ ఊబి, కష్టగిరి, మాయాసంత, మరణ నది అని దానిలో చెప్పినవన్నియు పల్లె బాటల వెంబడి నడచినవాడు చూచిన చోటులవలె ఉండును గనుక, మన పల్లెలలోను అది ఎవరికిని పరాయిగా తోచలేదు. 1684లో రెండవ భాగము వచ్చెను. మొదటి భాగములో క్రైస్తవుడు భార్యాబిడ్డలను విడిచి ఒంటరిగా బయలుదేరును. రెండవ భాగములో ఆ భార్య క్రిస్టియానా పిల్లలను వెంటబెట్టుకొని అదే దారిని నడచి అదే పట్టణమునకు చేరును. అది వ్రాయునప్పుడు స్వాన్ సత్రములో నిలిచిన ఎలిజబెత్ ఆయన కన్నులయెదుట లేకపోలేదని మా నమ్మకము.

1685లో హింస మరల పెరుగగా, తనను బంధించి ఆస్తి జప్తు చేయుదురేమో అని, డిసెంబరు 23న తనకున్నదంతయు భార్యకు దానపత్రము వ్రాసి ఇచ్చెను. ఆ పత్రములో, వేలకొలది ప్రతులు అమ్ముడుపోయిన గ్రంథకర్త తన్ను తాను కంచరి అనియే చెప్పుకొనెను. దానిని ఇంటి గోడలో దాచిరి. ఎంతో కాలమునకు ఇల్లు పడగొట్టునప్పుడు అది బయటపడినది.

1688 ఆగస్టులో ఒక తండ్రికిని కుమారునికిని మధ్య కలిగిన కలహమును తీర్చుటకు ఆయన గుఱ్ఱముమీద రీడింగ్ పట్టణమునకు వెళ్ళి వారిని సమాధానపరచెను. అక్కడనుండి లండను వచ్చుచు పెద్ద వర్షములో తడిసి జ్వరము తెచ్చుకొని, ఆగస్టు 31న జాన్ స్ట్రడ్విక్ అను స్నేహితుని యింట ప్రభువునందు నిద్రించెను. వయస్సు 59. సమాధి లండనులోని బన్‌హిల్ ఫీల్డ్సు శ్మశానములో ఉన్నది. మరుసటి సంవత్సరము, 1689లో, వేరుగా కూడుకొను ప్రొటెస్టెంటులకు స్వేచ్ఛనిచ్చు చట్టము వచ్చెను. ఆయన దానిని చూడలేదు.

అయితే బెడ్‌ఫర్డు చెరసాల కథ అంతటితో ముగియలేదు. 1773లో ఆ కౌంటీకి షెరీఫ్ అయిన జాన్ హోవార్డు అధికారము చొప్పున ఆ చెరసాలనే తనిఖీ చేసెను. నిర్దోషులని తీర్పు పొందినవారుకూడ జైలరు ఫీజు చెల్లింపలేక లోపలనే మగ్గుచుండుట చూచి సహింపలేక, తక్కిన జీవితమంతయు చెరసాలల సంస్కరణకు అర్పించెను. ఆయన బన్యన్ కాపరిగా ఉండిన సంఘములోనే ఆరాధించినవాడు.

ఆంగ్లికన్ సంఘమును తన మనస్సు మార్చుకొనెను. 1912లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో బన్యన్ జ్ఞాపకార్థము రంగుల అద్దపు కిటికీ పెట్టిరి. ఇంగ్లాండు సంఘ క్యాలెండరులో ఆగస్టు 30 ఆయన జ్ఞాపక దినము. ఏ ప్రార్థన పుస్తకము నిమిత్తము ఆయన చెరలో నుండెనో, ఆ సంఘపు ప్రార్థనలలోనే నేడు ఆయన పేరు స్మరింపబడుచున్నది. మంచిదే. కాని చనిపోయినవారికి కిటికీ పెట్టుట సులభము; బ్రదికియున్నవారికి తలుపు తీయుట కష్టము.

ఈ కథ ఇంగ్లాండుది గదా, మన శతవార్షికోత్సవమునకు దీనితో పనియేమి అని కొందరడుగవచ్చును. 1947 సెప్టెంబరు 27న మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలు సంఘములవారు ఏకమైరి. మచిలీపట్నపు చర్చి మిషనరీ సొసైటీవారు తెచ్చినది బన్యన్‌ను బంధించిన సంఘపు ఆరాధన. రాయలసీమలో లండను మిషనువారు తెచ్చినది బన్యన్ కాపరిగా ఉండినటువంటి సంఘముల సంప్రదాయము. కెలింగ్ న్యాయాధిపతి సంఘమును, కంచరి బన్యన్ సంఘమును మన దేవాలయములలో ఒకే బల్లయొద్ద మోకరించుచున్నవి. మనలో బంధించినవాని రక్తమును ఉన్నది, బంధింపబడినవాని రక్తమును ఉన్నది. ఇది దేవుని కృప. ఇది మనకు హెచ్చరికయు.

నేడు మన సంఘములలో చెరసాలలు లేవు. కాని కమిటీలున్నవి, తీర్మానములున్నవి, కోర్టు కేసులున్నవి. చదువు తక్కువవాడని, కులము తక్కువవాడని, మన క్రమము ఎరుగనివాడని ఒకని నోరు మూయించుట మనకును చేతనగును. గుమ్మమునొద్ద ఎండలో కూర్చుండి దేవుని సంగతులు చెప్పుకొను పేద స్త్రీలు మన పేటలలోను ఉన్నారు. వారి పేర్లు ఈ సంచికలో ఉండవు. అట్టివారి మాట వినుటకు మనము ఆగుచున్నామా, లేక మన వాదములు పట్టుకొని దాటిపోవుచున్నామా?

రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మనము ఈ ప్రశ్నను వెంట తీసికొని పోవలెనని కోరుచున్నాము. కంచరి జాన్ బన్యన్‌ను బట్టియు, వణకుచు నిజము చెప్పిన ఎలిజబెత్‌ను బట్టియు, పులుసు తెచ్చిన గ్రుడ్డి బిడ్డను బట్టియు దేవునికి స్తోత్రము కలుగును గాక.